మౌనమండలంలో పిలుపు

మధ్యాహ్నం రెండింటికి రేడియో టెలిస్కోపు కేంద్రంలో వకుళ మూడో వరస యాంటెన్నాలను మళ్ళీ ఆకాశంలోని అదే బిందువు వైపు తిప్పింది. తొమ్మిది రోజులుగా అక్కడ గామా కాంతి పెరుగుతోంది. విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో ఏర్పడిన ఒక చిన్న కృష్ణబిలం ఆవిరైపోతూ చివరిదశకు వచ్చింది. అది పేలినప్పుడు ఒకే ఒక్క రేడియో మెరుపు వస్తుంది. ఉపగ్రహాల లెక్క ప్రకారం ఇంకా యాభై నిమిషాలు. ముప్పై ఒక్కేళ్ళుగా వకుళ వెతుకుతున్నది దానికోసమే.

దాన్ని వేరే ఏ రేడియో సంకేతమూ ముంచెయ్యకుండా చుట్టూ నలభై కిలోమీటర్లు మౌనమండలం. అందులోని పదకొండు పల్లెల్లో సెల్‌ఫోన్ లేదు, వైర్‌లెస్ లేదు. అక్కడక్కడా తీగఫోను స్తంభాలు మాత్రం ఉన్నాయి.

తీగఫోను మోగింది. కాపలా జీపు నడిపే మద్దిలేటమ్మ.

"మేడమ్, గొర్రెల హుస్సేనప్ప తాత పడిపోయినాడంట. రొమ్ము నొప్పి. ఆయన పెండ్లాం, ముసలవ్వ, ఫోను స్తంభం కాడికి పరిగెత్తుకుంటా వచ్చింది."

"జీపులో తీసుకురాలేవా?"

"ఆసుపత్రికి రెండు గంటల దారి. అంతసేపు ఉండడు మేడమ్."

హెలికాప్టర్ రావాలంటే పైలట్ వైర్‌లెస్‌లో మాట్లాడక తప్పదు; ఆ మాటల్లో మెరుపు మునిగిపోతుంది. వకుళ గడియారం చూసింది. నలభై ఒక్క నిమిషాలు. వైర్‌లెస్‌కు అనుమతినిచ్చే మౌనభంగం మీట మీద వేలిముద్ర వేసి, ఆసుపత్రికి ఫోన్ చేసింది.

రెండూ యాభైకి ఉపగ్రహాలు మెరుపును చూశాయి. ఆ తర్వాత ఆ బిందువులో చీకటి. యాంటెన్నాల్లో మాత్రం పైలట్ గొంతే నమోదైంది: "దిగుతున్నాం. గొర్రెల్ని పక్కకు తోలమనండి."

నాలుగు గంటలకు మద్దిలేటమ్మ మళ్ళీ ఫోన్ చేసింది.

"ఎక్కించేలోపలే పోయినాడు మేడమ్."

వకుళ రిసీవర్‌ను చెవికి అదుముకుంది.

"అర్ధగంట ముందు తెలిసింటే బతికేటోడని డాక్టరన్నాడు. స్తంభం ఐదు కిలోమీటర్లు కదా. ముసిలామె ఎంతని పరిగెత్తుతాది? మీ పని కూడా చెడినట్టుందే?"

"చెడింది. నువ్వు అవ్వ దగ్గరే ఉండు."

కంప్యూటర్ తెర అడుగుతోంది: మౌనం పునరుద్ధరించాలా?

వకుళ 'వద్దు' నొక్కింది. పదకొండు పల్లెలకూ ఒక అత్యవసర వైర్‌లెస్ మార్గం తెరిచింది. ఎంతకాలమని అడిగితే, 'ఎప్పటికీ' అని రాసింది. ఆ మెరుపు వినిపించగల తరంగాలు అవే. ఇంకో కృష్ణబిలం పేలినా, ఇక ఇక్కడ ఎవరికీ వినపడదు.

మీట మీది చెయ్యి తీయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.