రక్తం ఇచ్చేవాళ్ళ జాబితా

మంగళవారం పొద్దున్నే చొక్కా చెయ్యి మోచేతి పైకి మడుచుకుని ప్రయోగశాలకు వచ్చిన పంపుల ఫిట్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు. తను కూర్చునే కుర్చీలో కంప్యూటర్ల గది పొడుగాయన చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. అక్కడి పరిశోధకురాలు అతనికి సూది గుచ్చుతూ నవ్వుతోంది.

నాలుగు నెలలుగా ప్రతి మంగళవారం ఆ కుర్చీ ఫిట్టరుది. ఆమె తయారుచేస్తున్నది గుండె రక్తనాళంలో పెట్టే సన్నటి గొట్టం. లోపలి గోడకు మందు పూత. ఒళ్ళంతా రక్తాన్ని పలచన చెయ్యకుండా, గడ్డ కట్టే చోట మాత్రమే మందు ఊరాలి. పరీక్షకు తాజా రక్తం కావాలి. దాన్ని గొట్టంలో తిప్పే పంపు ఇతను బిగించిందే, తిరిగే రక్తమూ ఇతనిదే. ఇంతకన్నా దగ్గరితనం ఏముంటుందని మురిసిపోయాడు పిచ్చిమొహం.

ఆమె మందు ఉన్నచోటే ఉంది గానీ, ఇతని కుళ్ళు అరికాలి నుంచి నడినెత్తి దాకా పాకింది. పంపు మరలు అవసరానికి మించి బిగించాడు. అంత పలచటి మనిషికి గడ్డ కట్టే రక్తం ఎక్కడిదని గొణిగాడు. ఆమె విననట్టే ఉంది. మధ్యాహ్నం దాకా ఓర్చుకున్నాడు. ఆపైన అతని వల్ల కాలేదు.

"నా రక్తానికేం రోగమొచ్చింది మేడమ్?"

"రోగం రక్తానికి కాదు, నోటికి. పంపు ఎందుకు మూలుగుతోంది?"

"మాట మార్చకండి. ఆయనది అంత గొప్పగా ఉందా?"

"బాగానే ఉంది."

ఆ 'బాగానే' సూదికన్నా లోతుగా దిగింది. ఇక మంగళవారాలు రానని, పంపుకు వేరే మనిషిని చూసుకోమని చెప్పి పానా బల్లమీద పడేశాడు.

ఆమె నవ్వు ఆగింది. సొరుగు లాగి ఒక కాగితం తీసి అతని ముందు పెట్టింది. కొత్త నియమం. ఫలితాల మీద ఎవరికీ అనుమానం రాకుండా, రక్తం ఇచ్చేవాళ్ళు పరీక్ష చేసేవాళ్ళకు కావలసినవాళ్ళు కాకూడదట. ప్రతి పేరు ఎదురుగా ఆమె నిజం రాసి సంతకం పెట్టాలి. పొడుగాయన పేరు ఎదురుగా 'ఏమీ కాడు' అని ఉంది. ఫిట్టరు పేరు కొట్టేసి ఉంది. పక్కన ఆమె గుండ్రటి అక్షరాలు: 'కావలసినవాడు.'

రెండుసార్లు చదివాడు. మూడోసారికి అక్షరాలు అలుక్కుపోయాయి.

"ముందే చెప్పొచ్చుగా?"

"మా పెద్దసారుకు చెప్పాను. మా అమ్మకు చెప్పాను. మీకు చెబుదామంటే పొద్దుటి నుంచి మొహం మాడ్చుకు తిరుగుతున్నారు."

అతను పానా తీసుకుని మర అరచుట్టు వదులు చేశాడు. మూలుగు ఆగింది. పొడుగాయన రక్తం గొట్టంలో హాయిగా తిరుగుతోంది.

"పాపం, మంచి రక్తమే" అన్నాడు.