పోగు తీసిన తోడు

ఉప్పాడలో తెల్లవారగానే గోడకు గంజి పోస్తారు. పంపుల వాళ్ళు సముద్రపు గోడ ఎక్కి, గొట్టాలతో చల్లుకుంటూ పోతారు. గంజిలో యూరియా, కాల్షియం, కొంచెం చక్కెర ఉంటాయి. గోడలో కాపురమున్న బాక్టీరియా దాన్ని తిని సున్నపురాయి తయారు చేస్తుంది. ముందురోజు అలలు కొట్టిన పగుళ్ళు మర్నాటికి పూడిపోతాయి. 2091లో ఆ ఊరి పిల్లలకు గోడ అంటే తిండి తినేదే. ఒకప్పుడు గోడలు ఊరికే నిలబడి ఉండేవని చెబితే నవ్వుతారు.

ఆ బాక్టీరియాను తయారు చేసింది డాక్టర్ చెల్లూరి ఇందుమతి. దానికి సున్నపుకణం అని పేరు పెట్టింది. గోడను చూసుకునే పరిశోధన కేంద్రానికి వచ్చినవాళ్ళకు ఆమె దాన్ని ఒంటిగది ఇల్లుగా వర్ణించేది. బయట కణకవచం, దాన్ని ఆనుకుని లోపల కణత్వచం. లోపల ఇక గదులు లేవు, కేంద్రకం కూడా లేదు. డీఎన్ఏ దారం ఉండచుట్టుకుని నడుమ పడి ఉంటుంది. అది చెప్పిన ప్రకారం రైబోజోములనే రేణువులు ప్రొటీన్లు తయారు చేస్తాయి. ఇల్లు కదలడానికి కశాభమనే తోక ఉంటుంది. ఇవి కాక ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం ఒకటి ఉంటుంది. సున్నం చేసే విద్యను ఇందుమతి ఆ వలయంలోనే పెట్టింది.

కణం రెండుగా చీలేటప్పుడు ఒక్కోసారి ఒక పిల్లకు వలయం అందదు. విద్య లేని ఆ పిల్లకణం గంజి తిని ఊరకే కూర్చుంటుంది. అప్పుడు పక్కింటి కణం పిలస్ అనే సన్నని పోగు చాచి దాన్ని దగ్గరకు లాక్కుంటుంది. తన వలయానికి నకలు తీసి ఇస్తుంది. ఇందుమతి దానికి దానపుపోగు అని పేరు పెట్టింది. ఆ మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

గోడ ఉత్తరపు సగం పూర్తయ్యాక అది ఇందుమతి చేతి కింద ఉండేది. దక్షిణపు సగం కట్టేటప్పుడు అదీ తనకే వస్తుందని ఆమె అనుకుంది. కేంద్రం డైరెక్టర్ సత్యవ్రత్ దాన్ని సూరాడ నూకరత్నానికి ఇచ్చాడు. నూకరత్నం ఇందుమతి దగ్గరే పని నేర్చుకుంది. ఉప్పాడ జాలరిపేట పిల్ల. ఇందుమతికి నలభై దాటాక దక్కిన కుర్చీ ఆమెకు ముప్పై నిండగానే దక్కింది.

అంతటితో పోయినా ఇందుమతి సరిపెట్టుకునేదేమో. పంపుల వాళ్ళకు సందేహం వస్తే ఇందుమతి గది దాటుకుని వెళ్ళి నూకరత్నాన్ని అడిగేవాళ్ళు. వాళ్ళ క్యారేజీల్లోంచి ఆమె గోడ మీద కూర్చుని చేపల పులుసు తినేది. పైనుంచి నవ్వులు వినిపించినప్పుడల్లా ఇందుమతి లేచి కిటికీ మూసేది.

కొత్త గోడకు పాత గోడ నుంచి బాక్టీరియా ఇవ్వాలి. పెరుగుకు ఇచ్చినట్టే కాబట్టి అందరూ దాన్ని తోడు అనేవాళ్ళు. అడిగినవాళ్ళకు తోడు లేదనకూడదన్న పట్టింపు కేంద్రంలోనూ ఉండేది. నూకరత్నం డబ్బా పట్టుకుని వచ్చి అడిగింది. ఇందుమతి రెండు రోజులాగి రమ్మంది.

పక్కింటామె గిట్టనప్పుడు తోడు గరిటెను వేడిపాలలో ముంచి ఇచ్చేవాళ్ళని ఇందుమతి తన అమ్మమ్మ నోట విన్నది. లేదన్న మాట రాదు, అవతల పెరుగూ తోడుకోదు. ఆ రెండు రోజుల్లో ఆమె వలయంలోంచి దానపుపోగుకు సంబంధించిన జన్యువులు కత్తిరించింది. మిగతాదంతా అలాగే ఉంచింది. డబ్బా నింపి, మూత బిగించి ఇచ్చింది. నూకరత్నం రెండు చేతులతో అందుకుంది.

దక్షిణపు గోడ పని చేసింది, కానీ మందకొడిగా. విద్య పోగొట్టుకున్న కణానికి అందించేవాళ్ళు లేరు. ఉత్తరాన మర్నాటికి పూడే పగులుకు అక్కడ వారం పట్టేది. నూకరత్నం తానే బ్రష్షు పట్టుకుని పగుళ్ళకు గంజి పూసేది. కారణం వెతికింది గానీ, గురువుగారిచ్చిన తోడును పరీక్షకు పెట్టాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. ఒకరోజు వచ్చి తన వల్ల తప్పు ఎక్కడ జరుగుతోందని అడిగింది.

"కొందరి చేత్తో తోడేస్తే పేరుకోదే రత్నం. నీ చెయ్యి అలాంటిదేమో" అంది ఇందుమతి.

"అంతేనేమోనక్కా" అంది నూకరత్నం.

ఆ సాయంత్రం ఇందుమతి కిటికీ తెరిచే ఉంచింది. మూడేళ్ళు అలా గడిచాయి.

నాలుగో ఏడు వర్షాకాలంలో ఉత్తరపు గోడ తినడం మానేసింది. పోసిన గంజి పోసినట్టే కారిపోయింది. వాయుగుండం వచ్చేసరికి పగుళ్ళలో పగుళ్ళు పడి, ఒకచోట నీళ్ళు లోపలికి వచ్చాయి. ఒక వీధి ఖాళీ చేయించారు. దక్షిణపు గోడ మెల్లగానే అయినా తింటూ, పూడ్చుకుంటూ నిలబడింది.

కేంద్రంలో ఆరా అనే పరీక్షాయంత్రం ఉంది. అడిగినదానికి జవాబు చెబుతుంది, అడగనిది చెప్పదు. ఇందుమతి తన గోడ ముక్క అందులో పెట్టి, ఏమైందని అడిగింది.

"ఫేజ్ సోకింది. బాక్టీరియాను చంపే వైరస్" అంది ఆరా. "ఇది నేరుగా కవచాన్ని పట్టుకోలేదు. దానపుపోగును పట్టుకుని దాని వెంట లోపలికి వెళుతుంది. పోగున్న కణాలన్నీ చచ్చిపోయాయి."

"దక్షిణాన?"

"అక్కడి కణాలకు పోగు లేదు. ఫేజ్‌కు పట్టు దొరకలేదు."

ఇందుమతి గోడ ముక్కను యంత్రంలోంచి తీసేసింది. తను చేసిన చెడుపే సగం ఊరిని కాపాడింది. ఆ సంగతి తనకూ యంత్రానికీ తప్ప ఎవరికీ తెలియదు.

వారం తిరిగాక సమావేశం పెట్టారు. నూకరత్నం చేతిలో మూడేళ్ళలో కణం తనంతట తానే మారి రోగాన్ని తట్టుకుందని అందరూ అనుకున్నారు. సత్యవ్రత్ లేచి, ఇక గోడంతటికీ ఆ రకాన్నే వాడతామనీ, దానికి రత్నకణం అని పేరు పెడుతున్నామనీ ప్రకటించాడు. పాఠ్యపుస్తకాల్లో సున్నపుకణం స్థానంలో అదే ఉంటుందన్నాడు. పంపుల వాళ్ళు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఎవరో ఈలేశారు.

వీధి ఖాళీ చేయించిన రోజున కూడా ఇందుమతికి అంత బాధ కలగలేదు. ఆమె లేచి నిలబడింది.

"అది నా కణం. పోగు తీసింది నేను" అంది.

ఆమె వివరించింది. పోగు పట్టుకుని ఫేజ్ రావచ్చని అప్పుడే ఊహించాననీ, అందుకే ముందుజాగ్రత్తగా జన్యువులు తీసి ఇచ్చాననీ చెప్పింది. ఏయే జన్యువులు ఎక్కడ కత్తిరించిందో వరసగా చెప్పింది. సత్యవ్రత్ ఆరాను అడిగాడు. కత్తిరింపు సరిగ్గా అక్కడే ఉందని ఆరా చెప్పింది. ఇంత ముందుచూపున్న మనిషిని గుర్తించలేకపోయామని ఆయన నొచ్చుకున్నాడు.

నూకరత్నం మెల్లగా తలెత్తింది.

"మరి మీ గోడకెందుకు తియ్యలేదక్కా?"

మరచిపోయానంటే ముందుచూపు అబద్ధమవుతుంది. పోగు దానంతటదే ఊడిందంటే కణం మళ్ళీ రత్నానిదవుతుంది. ఇందుమతి బల్ల అంచు పట్టుకుంది. తన మంచిపేరా, కణానికి తన పేరా, రెంటిలో ఏది వదులుకోవాలో తేల్చుకోవడానికి ఆమెకు ఆట్టే సేపు పట్టలేదు.

"నీ గోడ నిలబడకూడదని తీశాను" అంది. "కానీ తీసింది నేనే. పేరు నాదే ఉండాలి."

పంపుల మేస్త్రీ ఒకడు "ఓర్నాయనో" అని తల పట్టుకున్నాడు. సత్యవ్రత్ అద్దాలు తీసి తుడుచుకున్నాడు. చేసినవాళ్ళ పేరే పెట్టడం కేంద్రం నియమం కాబట్టి ఇందుకణం అని ఖాయం చేశాడు. ఇందుమతి కుర్చీ మాత్రం తీసేశాడు. ఉత్తరపు గోడకు మళ్ళీ తోడేసే పని ముగిసేవరకే ఆమె ఉండాలన్నాడు.

ఆ పనికి తోడు కావాలి. బతికి ఉన్నది నూకరత్నం దగ్గరే. మర్నాడు ఇందుమతి డబ్బా పట్టుకుని దక్షిణపు గోడ దగ్గరికి వెళ్ళింది. అడగకుండానే డబ్బా చాచింది. నూకరత్నం ఆమెను ఆగమనలేదు. అక్కడికక్కడే గోడ గీకి, నింపి, మూత బిగించి ఇచ్చింది.

"మూడేళ్ళు నా చెయ్యే బాగోలేదనుకున్నానక్కా" అంది. అంతే అంది.

ఇందుమతి డబ్బాను గోడ దగ్గరికి తీసుకెళ్ళలేదు. నేరుగా ఆరా ముందు పెట్టింది. కణకవచం చూడమంది. ఆరా చూసి బాగుందంది. త్వచం, రైబోజోములు, కశాభం చూడమంది. బాగున్నాయంది. వలయాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవమంది. బయట పంపుల వాళ్ళు గంజి కలిపి, తోడు కోసం ఎదురుచూస్తున్నారు.

"ఇందులో రత్నం ఏం తీసేసింది?" అని అడిగింది ఇందుమతి.

"ఏమీ తియ్యలేదు. మీరిచ్చింది ఇచ్చినట్టే ఉంది" అంది ఆరా.

"మళ్ళీ చూడు" అంది ఇందుమతి.