వేరుకు కట్టిన సంచి

మా కవిటి తోటల్లో కొబ్బరికి పురుగు పడితే వేరుకు మందు పెడతారు. లేత వేరును ఏటవాలుగా కోసి, మందు పోసిన చిన్న ప్లాస్టిక్ సంచిలోకి దూర్చి, దారంతో బిగించి కడతారు. చెట్టు మెల్లగా తాగేస్తుంది. మా ఆయన పైడిరాజు ఈ పనిలో ఆరితేరినవాడు. మిగిలిన మందు మాత్రం బావి పక్కనే పారబోసేవాడు.

ఆ బావినీళ్లే తాగిన మా అత్త చిన్నతల్లికి కిడ్నీలు పోయాయి. ఎందువల్లో డాక్టర్లు చెప్పలేకపోయారు. మా ఆయన మాత్రం తన వల్లేనని నమ్మేశాడు. చివరి రోజుల్లో ఆమెకు నీళ్లు కొలిచి ఇమ్మన్నారు. "ఇంకో గుక్క ఇయ్యరా పైడీ" అని అడుగుతూనే కన్నుమూసింది. ఆ రోజు నుంచి ఆయన పురుగుమందు డబ్బా ముట్టలేదు, ఇంట్లో ఉంచనూ లేదు.

మొన్న ఆమె తిథి. దీపాలు పెట్టే వేళ, బావి దగ్గర అత్త తన చేత్తో నాటిన చెట్టు కింద ఆయన కూర్చున్నాడు. మేం కొనుక్కుని తాగే టిన్ను నీళ్లు సంచిలో పోసి వేరుకు కడుతున్నాడు.

"ఏటి మావా, పంతులుగారు సెప్పని తర్పణం?" అన్నాను నవ్వుతూ.

"అమ్మ దాహం తీరనీయే." ఆయన నవ్వలేదు.

అంతలో కరెంటు పోయింది. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి కూడా ఆగింది. ఒక్క కొబ్బరి కమ్మ కదలడం లేదు. తడిమట్టి వాసనలో చుట్ట వాసన వచ్చి కలిసింది. మా అత్త చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. ఇప్పుడు మా ఇంట్లో చుట్ట తాగేవాళ్లు లేరు...

గుటక పడిన చప్పుడు.

సెల్లు లైటు వేశాను. సంచి ముడుచుకుంటోంది. మరో గుటక...

"పైడీ..." మట్టిలోంచి.

ఆయన మట్టి మీదికి వంగాడు. "అమ్మా... మంచినీలేనే..."

"మరప్పుడు నాకేటి పోసినావురా?"

చేయి పట్టుకుని ఆయన్ని ఇంటికి లాక్కొచ్చాను. అరుగు మీద కూర్చోబెట్టి, దేవుడి దగ్గర దీపం వెలిగించి, సింహాద్రి అప్పన్నను తలుచుకుంటూ కుంకుమ తెచ్చాను.

ఆయన కళ్లు మూసుకుని గోడకి జారగిలబడ్డాడు. కుడిచేయి అరుగు కిందికి వేలాడుతోంది.

"మావా... ఇటు సూడు..."

సెల్లు లైటు కిందికి దించాను.

చూపుడువేలి కొస ఏటవాలుగా కోసి ఉంది. నెత్తురు లేదు. ఆ వేలికి ప్లాస్టిక్ సంచి... దారంతో బిగించి ఉంది. ఇంట్లో ఎన్నాళ్లుగానో లేని ఆ మందు ఘాటు గుప్పుమంది.

ముడి విప్పబోయాను. చుట్ట వాసన నా చెవి దగ్గరికొచ్చింది.

"ఉండవే కోడలా... ఆడ్ని ఇంకో గుక్క తాగనీ."

సంచిలో మందు తగ్గుతోంది...