పసుపు పెట్టిన జాబితా

మద్దిలపాలెం బస్సు డిపోకి ఎదురుగా, టిఫిను హోటలు పైన "గంగాభవాని, ప్రైవేటు పరిశోధన" అని ఒక బోర్డు ఉంటుంది. దాన్ని చూసినవాళ్ళు మామూలుగా రెండుసార్లు వెనక్కి వెళ్ళిపోయి, మూడోసారి గాని మెట్లెక్కరు. ఆ సోమవారం పొద్దున్న వచ్చిన పెద్దమనిషి మాత్రం కింద ఎవరో తరుముతున్నట్టు ఎక్కేశాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ముందు తలుపు వేసి, గడియ పెట్టి, అప్పుడు కూర్చున్నాడు.

"నన్నెవరో నా పేరుతోనే చంపేస్తున్నారండీ," అన్నాడు.

ఉదయ్‌కుమార్ పెన్ను తీశాడు. అతను పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చి రెండేళ్ళుగా గంగాభవాని దగ్గర పనిచేస్తున్నాడు. ఆవిడ కస్టమ్స్‌లో ఇరవై రెండేళ్ళు ఓడసరుకు సోదా చేసి, ఉద్యోగం వదులుకుని ఈ పనిలోకి దిగింది. పెట్టెలో ఏముందో ఎవడైనా చెబుతాడు, ఏం లేదో చెప్పడమే మా మేడమ్ గొప్ప అని ఉదయ్‌కుమార్ కనపడ్డవాళ్ళందరికీ చెబుతుంటాడు.

"మంచినీళ్ళు తాగి మొదట్నుంచీ చెప్పండి," అంది గంగాభవాని.

ఆయన పేరు అచ్యుతరామయ్య. ముప్పై ఏళ్ళ కిందట అమలాపురం పక్కనుంచి విశాఖ రేవుకి వచ్చి, వన్‌టౌన్‌లో అచ్యుత షిప్ స్టోర్స్ పెట్టాడు. రేవులో ఆగిన ఓడలకి కూరగాయలు, మాంసం, మంచినీళ్ళు, తాళ్ళు, రంగులు అందించడం ఆ కొట్టు పని. 2001లో వెబ్‌సైటు పెట్టించాక, ఓడ ఇంకా సింగపూర్ దాటకముందే కెప్టెన్ల జాబితాలు ఈమెయిల్లో వచ్చేస్తున్నాయి. అచ్యుతస్టోర్స్ డాట్ కామ్ అన్న అక్షరాలు చూసుకుని ఈ రెండేళ్ళలో ఆయన మురిసిపోని రోజు లేదు.

"పోయిన శుక్రవారం ఒక గ్రీకు ఓడకి మా పేరు మీద చెడిపోయిన మాంసం ఎక్కిందండీ. పదకొండుమంది నావికులు ఆస్పత్రిలో ఉన్నారు. ఆ ఓడ నుంచి మాకసలు ఆర్డరే రాలేదు! ఆరా తీస్తే, మా అడ్రసు మారిందనీ, ఇకనుంచి డాట్ కామ్‌కి కాకుండా డాట్ నెట్‌కి రాయమనీ ఓడలవాళ్ళందరికీ ఉత్తరాలు వెళ్ళాయట. ఆ డాట్ నెట్ మాది కాదండీ. ఎల్లుండి బుధవారం రేవు అధికారుల ముందు నిలబడాలి. ఇది మా పని కాదని చూపించలేకపోతే రేవులోకి వెళ్ళే పాసు రద్దు చేస్తారు. పద్నాలుగు కుటుంబాలు ఆ పాసు మీద బతుకుతున్నాయండీ."

"మరి ఆ సరుకు గేటు ఎలా దాటింది?"

అచ్యుతరామయ్య గొంతు తగ్గించాడు. "మా పాసుతోనేనండీ. అది మా గుమాస్తా తవిటయ్య సొరుగులో ఉంటుంది. తాళాలు వాడి దగ్గరే. కొట్టు పెట్టిన రోజునుంచీ ఉన్న మనిషి... ఈ పొద్దున్న తాళాలు తీసేసుకున్నాను."

ఆ మాట చెబుతూ జేబు తడుముకున్నాడు. లోపల గుత్తి గలగలమంది. పోగొట్టుకున్నదేదో దొరికిన మనిషి మొహంలా లేదు ఆయన మొహం.

"ఆ డాట్ నెట్ పేరు మీరే ముందు ఎందుకు కొనుక్కోలేదు?"

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. వెబ్‌సైటు చేసిపెట్టిన రోహిత్, ఎవరైనా కాజెయ్యకముందే కొనుక్కోమని జూన్‌లో మూడు పేర్లు రాసిచ్చాడట. అదే పేరుకి డాట్ నెట్, డాట్ ఆర్గ్, ఇంకా వైజాగ్‌షిప్‌స్టోర్స్ డాట్ కామ్. ఇంత చిన్న కొట్టుకి ఒక్క పేరు చాలదా అన్నాడు తవిటయ్య. వాడి బేరం కోసం వాడు చెబుతున్నాడన్నాడు కొట్లోనే పనిచేసే మేనల్లుడు కార్తీక్. నాలుగు రోజులు తర్జనభర్జన పడి అచ్యుతరామయ్య కొందామనే నిశ్చయించుకున్నాడు. డాట్ ఆర్గ్ సేవాసంఘాలకి గాని మనకెందుకని కొట్టేసి, దాని బదులు తల్లి రామలక్ష్మమ్మ పేరు కలిసివచ్చేలా రామలక్ష్మీస్టోర్స్ డాట్ కామ్ అని తనే చేర్చాడు. ఆ కాగితానికి నాలుగు మూలలా పసుపు పెట్టి, కొట్లో దేవుడి అరలో ఉంచాడు.

"ఉంచి?"

"ఆషాఢం వచ్చేసింది కదండీ! కొత్త పని మొదలెట్టకూడదు. శ్రావణం రాగానే కొందామని."

ఉదయ్‌కుమార్ నవ్వాపుకోవడానికి కిటికీ వైపు చూశాడు. దొంగకి ఆషాఢమేమిటి, శ్రావణమేమిటి!

"జాబితా మార్చినట్టు రోహిత్‌కి చెప్పారా?"

"లేదండీ, కొనే రోజున చెబుదామనుకున్నాను. ఆ కుర్రాడు ఈ నెలంతా కొట్టు మొహమే చూడలేదు."

"ఇప్పుడున్న డాట్ కామ్ ఎవరి పేర ఉంది?"

"నా పేరనే కదండీ. నాకు క్రెడిట్ కార్డు లేదని కార్తీక్ వాడి కార్డుతో కట్టాడు."

గంగాభవాని రాసుకోమన్నట్టు ఉదయ్‌కుమార్ వైపు చూసింది.

ఆయన వెళ్ళాక ఉదయ్‌కుమార్ మోడెమ్ కలిపాడు. అది కాసేపు కీచులాడి, కాసేపు అలిగి, ఐదోసారికి దారికొచ్చింది. ఏ పేరు ఎవరిదో, ఎప్పుడు కొన్నారో చూపే రికార్డు ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తుంది. డాట్ నెట్, వైజాగ్‌షిప్‌స్టోర్స్, రామలక్ష్మీస్టోర్స్ మూడూ ఒకే గంటలో అమ్ముడుపోయాయి. కొన్నవాడిది ఏదో బూటకపు పేరు, ఫోను నంబరు మోగదు. మన టైము ప్రకారం జూలై పన్నెండు, శనివారం సాయంత్రం ఏడు గంటలకి జరిగింది. డాట్ ఆర్గ్ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. డాట్ కామ్ చూస్తే కార్తీక్ పేర ఉంది.

"దొరికాడు మేడమ్!"

"తొందరపడకు. మనవాళ్ళలో కార్డు ఎవడిదైతే పేరూ వాడిదే పడుతుంది. అది అలవాటు, నేరం కాదు," అంది గంగాభవాని. "పన్నెండంటే సింహాచలం అప్పన్న గిరిప్రదక్షిణ రోజు. నువ్వు వెళ్ళావా?"

"మా ఊళ్ళో నాట్లు మేడమ్. బురదలో ఉన్నాను."

"నేను మోకాళ్ళనొప్పితో మంచం మీద ఉన్నాను. ఇద్దరం పాపాత్ములమే. పద."

రోహిత్ నెట్‌సెంటరు అక్కడికి నాలుగడుగులే. వీళ్ళని చూడగానే అతను మానిటరు ఆపేశాడు. ఉదయ్‌కుమార్‌కి అది బొత్తిగా నచ్చలేదు.

"నేను కాజెయ్యాలనుకుంటే, కొనుక్కోండి సార్ అని ఆయనకే ఎందుకు చెబుతాను మేడమ్?" అన్నాడు రోహిత్ విసుగ్గా. అతనికి క్రెడిట్ కార్డు ఉంది. ఆ శనివారం సాయంత్రం సెంటర్లోనే ఉన్నాడు. చెప్పిన పేర్లు డాట్ నెట్, డాట్ ఆర్గ్, వైజాగ్‌షిప్‌స్టోర్స్.

"నాలుగోది?"

"నాలుగోది ఎక్కడిది? నేనిచ్చింది మూడే."

వన్‌టౌన్‌లో కొట్టు దగ్గర తవిటయ్య ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ తాళాలు వేలాడే మొలతాడు దగ్గర చెయ్యి ఊరికే పోయి వస్తోంది.

"నానేటి సెప్పాలమ్మా? ముప్పై ఏళ్ళకి బాబుగారికి నా మీద అనుమానమొచ్చింది. ఇంకేటి సెప్పినా దండగే."

"తాళాలు ఎప్పుడైనా మీ దగ్గర లేకుండా ఉంటాయా?"

"దీపమెట్టినప్పుడు గుత్తి దేవుడి అరలో ఎడతాను. దీపమెట్టి టీకెల్లొత్తాను. దేవుడి కాడ ఎవలు తీత్తారు?"

"పన్నెండో తారీకు సాయంత్రం?"

"అప్పన్నబాబు కొండ సుట్టూ నడుస్తన్నాను. కొండ కింద తొలిపావంచా కాడ కొబ్బరికాయ కొట్టీసి మద్దేన్నం బయల్దేరినాం. ఈపాలి అప్పూఘర్ కాడ సముద్రంల తానం కూడా లేదమ్మా! కెరటాలు మనిషెత్తు లెగుస్తన్నాయని పోలీసోలు పొద్దున్నించే తాళ్ళు కట్టీసినారు. టాంకరు నీళ్ళు జల్లుకుని ఎల్లిపోయినాం."

"మీకు కార్డుందా?"

"ఉంది. తెల్ల రేషన్‌ కార్డు," అన్నాడు తవిటయ్య.

కార్తీక్ మర్యాదస్తుడు. వాళ్ళ నాన్న స్టీల్‌ప్లాంటులో పనిచేస్తాడు, ఇల్లు కూర్మన్నపాలెంలో. వీళ్ళని కొట్టు లోపలి గదిలో కూర్చోబెట్టి కూల్‌డ్రింకులు తెప్పించాడు. తవిటయ్యని అనుమానించడానికి తనకి మనసొప్పడం లేదని రెండుసార్లు చెప్పి, పాసు ఆయన సొరుగులోనే ఉంటుందని మూడుసార్లు చెప్పాడు.

"ఆ శనివారమా మేడమ్? ఫ్రెండ్స్‌తో ప్రదక్షిణకి వెళ్ళాను. మొత్తం నడిచాను."

"అదృష్టవంతులు. నేను మానేసి నాలుగేళ్ళయింది," అని గంగాభవాని మోకాలు రాసుకుంది. "అప్పూఘర్‌లో స్నానం చేశారా?"

"అది లేకుండా ప్రదక్షిణ ఏమిటి మేడమ్! మూడు మునకలు వేసి తడిబట్టలతోనే నడిచాం."

"మంచిది," అంది గంగాభవాని, కూల్‌డ్రింకు ముట్టుకోకుండానే లేచింది.

తిరిగొచ్చే దారంతా ఉదయ్‌కుమార్ రోహిత్ మీదే బాణాలు వేశాడు. మానిటరు ఎందుకు ఆపాడు? పేర్లు అతనివే కదా? గంగాభవాని విన్నట్టే విని, కింద టిఫిను హోటల్లో పొట్లాలు కట్టే పాత పేపర్ల కట్ట అడిగి పుచ్చుకుని మెట్లెక్కింది.

మర్నాడు మంగళవారం మధ్యాహ్నం అందరూ కొట్లో చేరారు. అచ్యుతరామయ్య గల్లాపెట్టె వెనక కూర్చున్నాడు. ఎవరి మొహమూ చూడలేక అందరినీ ఓరగా చూస్తున్నాడు. రోహిత్ గుమ్మానికి ఆనుకున్నాడు. కార్తీక్ స్టూలు లాక్కున్నాడు. తవిటయ్య మాత్రం కూర్చోమన్నా కూర్చోలేదు.

గంగాభవాని దేవుడి అరలోంచి పసుపు కాగితం తీసి బల్లమీద పరిచింది.

"ఈ దొంగ చాలా విధేయుడు. మీరేం రాశారో అదే కొన్నాడు. మీరు కొట్టేసింది కొనలేదు. రోహిత్ కొనదలిస్తే అతని జాబితాలో ఉన్న డాట్ ఆర్గ్ ఎందుకు వదిలేస్తాడు? మీ అమ్మగారి పేరు అతనికెలా తెలుస్తుంది? ఉన్న మూడు పేర్ల కంటే లేని ఆ ఒక్కటే నాకు ఎక్కువ చెప్పింది. కొన్నవాడు ఈ కాగితం చూసినవాడు. అంటే ఈ కొట్లో మనిషి."

రోహిత్ గట్టిగా ఊపిరి వదిలాడు. "మానిటరు ఎందుకాపావయ్యా మరి?" అని ఉదయ్‌కుమార్ ఉండబట్టలేక అడిగాడు.

"పేకాట ఆడుతున్నాను సార్," అన్నాడు రోహిత్.

గంగాభవాని నవ్వలేదు. "ఆ మూడు పేర్లూ కార్డు లేకుండా దొరకవు. తవిటయ్యగారికి ఉన్నది రేషన్ కార్డు. ఇక మిగిలింది ఒక్కరే. ఆయన ఆ సాయంత్రం కొండ చుట్టూ నడుస్తూ, అప్పూఘర్‌లో మూడు మునకలు వేశానన్నారు." పొట్లాల కట్టలోంచి తీసిన పేపరు పక్కన పెట్టింది. జూలై పదమూడు. తాళ్ళు కట్టిన తీరం, టాంకరు దగ్గర జనం, కింద రెండు వరుసల వార్త. "ఆ రోజు పొద్దున్నుంచి సముద్రంలో ఒక్కర్ని కూడా దిగనివ్వలేదు, కార్తీక్‌గారూ. నడిచినవాళ్ళందరికీ తెలిసిన సంగతి మీకు తెలియలేదు."

"ఎవరైనా పొరపాటు పడొచ్చు మేడమ్," అన్నాడు కార్తీక్.

"పడొచ్చు. మీ కార్డు జూలై నెల ఖర్చుల కాగితం తెప్పించండి. అందులో ఈ పేర్లు కొన్నట్టు లేకపోతే, తవిటయ్యగారికి జరిగిన అవమానం నాకు చెయ్యండి, నోరెత్తకుండా మెట్లు దిగిపోతాను."

కార్తీక్ మామయ్య వైపు తిరిగాడు.

"ఆరేళ్ళుగా చేస్తున్నాను మావయ్యా. ఎప్పుడైనా వాటా అన్నావా? ఏది అడిగినా తవిటయ్యని అడుగు అన్నావు. సొంతంగా నాలుగు ఓడలు చేసుకుని చూపిద్దామనుకున్నాను. మాంసం చెడిపోతుందనుకోలేదు. కరెంటు పోయి ఐసు కరిగిపోయింది..."

"చెడిందని తెలిశాక ఆపొచ్చు. పాసు ఎలా తీశావురా?" అని అడిగాడు అచ్యుతరామయ్య.

"దేవుడి అరలోంచి తాళాలు తీసి. ఆయన టీకి వెళ్ళినప్పుడు."

తవిటయ్య కళ్ళు దేవుడి అర వైపు తిరిగి, అక్కడే ఉండిపోయాయి.

గంగాభవాని రెండు కాగితాలు ముందుకు తోసింది. ఒకటి, జరిగింది రేవు అధికారులకి ఒప్పుకుంటూ రాసే ఉత్తరం. రెండోది, నాలుగు పేర్లూ కొట్టు పేరున మార్చే కాగితం. "నాలుగా?" అన్నాడు అచ్యుతరామయ్య.

"నాలుగే. మీ డాట్ కామ్ కూడా రెండేళ్ళుగా ఈయన పేరనే ఉంది. మీరు మురిసిపోయింది అద్దె ఇల్లు చూసుకుని."

కార్తీక్ రెండింటి మీదా సంతకం పెట్టాడు. పెట్టి, వెళ్ళిపోయాడు. అచ్యుతరామయ్య చాలాసేపు ఆ గుమ్మంవైపే చూశాడు.

"అయితే అమ్మా, కనపడ్డ పేరల్లా కొనుక్కోవాలంటారా?" అన్నాడు చివరికి.

"అన్నీ కొంటూ కూచుంటే కొట్టు ఎప్పుడు నడుపుతారు? మీ బేరగాడు మీరే అనుకుని పొరబడి దూరే గుమ్మాలు రెండో మూడో ఉంటాయి. అవి మీవై ఉండాలి. దొడ్డిగుమ్మం ఊరికొదిలేసి వీధిగుమ్మానికి ఎంత తాళం వేస్తే ఏం లాభం? ఆ డాట్ ఆర్గ్ కూడా ఇవాళే కొనెయ్యండి, మీ పేరున."

"ఇవాళ అమావాస్యండీ!" అని, తన మాట తనకే వినపడి, అచ్యుతరామయ్య కళ్ళు దించుకున్నాడు. "కొనెయ్యి బాబూ," అన్నాడు రోహిత్‌తో.

తర్వాత లేచి, జేబులోంచి గుత్తి తీసి తవిటయ్య ముందు చెయ్యి చాపాడు. "తవిటీ... తప్పు నాదిరా. వాడికిచ్చిన నమ్మకంలో సగం నీకివ్వలేకపోయాను. తీసుకో."

తవిటయ్య తీసుకోలేదు.

"తాళాలకేటి బాబుగారూ, రేపు తీసుకుంతాను. ఆ ఓడోలు, గేటు కాడోలు అందరూ నానే ఆ కుల్లు మాంసం మోసుకెల్లినాననుకుంతన్నారు. ముందల ఆలకి ఉత్తరం రాయండి. ఇది తవిటయ్య సెయ్యలేదని, నా పేరెట్టి రాయండి."

అచ్యుతరామయ్య గుత్తిని బల్లమీద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఉదయ్‌కుమార్ కంప్యూటరు ముందుకి జరిగాడు. ముసలాయన తడబడుతూ చెబుతుంటే అతను డాట్ కామ్ అడ్రసు నుంచి గ్రీకు కెప్టెన్‌కి ఇంగ్లీషులో టైపు చేశాడు. పూర్తయ్యాక తవిటయ్య వచ్చి తెర పక్కన నిలబడ్డాడు.

"నా పేరెక్కడుంది బాబూ?"

ఉదయ్‌కుమార్ వేలు పెట్టి చూపించాడు. తవిటయ్య దాన్ని రెండుసార్లు చదివించుకుని, ఇంక పంపమన్నాడు.