చిట్టి పాతబట్టల కొట్టు

ఆ రోజు పొద్దున చిట్టి టీలో చక్కెర రెండుసార్లు వేసింది. ఆ సంగతి తనకే తెలియదు. గ్లాసు అందుకున్న భర్త ఒక గుక్క తాగి, ముఖం అదోలా పెట్టాడు.

"ఇది టీయా, పాకమా?"

"తాగండి. ఇవాళ అందరూ నోరు తీపి చేసుకోవాలి," అంది చిట్టి, తప్పు ఒప్పుకోకుండా.

నలభై రెండేళ్లు నిండినా ఇంటా బయటా ఆవిడ చిట్టే. భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆయనకు ఈ నగరంలోని డిపోకు బదిలీ కావడంతో సామాను సర్దుకుని వచ్చి మూడు నెలలైంది. మొదటి నెలంతా చిట్టికి దిక్కు తోచలేదు. పాల ప్యాకెట్టు కోసం వెళ్లి రెండు సందులు తిరిగేసరికి ఇల్లెటో మరిచిపోయేది. మెట్ల మీద ఎదురైనవాళ్లు తాళంచెవులు చూసుకుంటూ దిగిపోయేవారే తప్ప పలకరించేవారు కాదు. రోజంతా మాట్లాడడానికి మనిషి లేక, సాయంత్రం భర్త, కూతురు ఇంటికి రాగానే ఇద్దరితోనూ ఒకేసారి మాట్లాడేది.

రెండో నెలలో ఒకరోజు చెత్తబుట్టల పక్కన ఎవరో పడేసిన ఉన్నికోటు కనిపించింది. దానికి జబ్బేమీ లేదు, రెండు గుండీలు ఊడిపోయాయంతే. చిట్టి దాన్ని పైకి తెచ్చి, ఉతికి, గుండీలు కుట్టి వేసుకుంది. పై అంతస్తులో ఉండే నర్సు మెట్ల మీద ఆపి మరీ అడిగింది, "ఎక్కడ కొన్నారండీ?" అని. చిట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నర్సు పగలబడి నవ్వి, ఆ కోటు తనకు అమ్మేదాకా వదల్లేదు. నర్సుకు స్నేహితులున్నారు. వాళ్ల ఇళ్లల్లో వేసుకోని బట్టలు అల్మారాల నిండా ఉన్నాయి. చిట్టికి ఒక కుట్టుమిషను ఉంది. ఇంకేం కావాలి?

వాళ్ల వాటాకు సరిగ్గా కింద, గడియారాలు బాగుచేసే ఆయన ఖాళీ చేసిన గది ఉంది. చిట్టి దాన్ని అద్దెకు తీసుకుంది. భర్త మొదట బుర్ర గోక్కున్నాడు కానీ, హేంగర్లు తగిలించే గొట్టాలు బిగించేటప్పటికి ఆయన హుషారు చిట్టిని మించిపోయింది. కాలేజీలో చదువుతున్న కూతురు బుజ్జి బోర్డు రాసింది. "చిట్టి పాతబట్టల కొట్టు. ఉతికినవి, కుట్టినవి, ఇంటికి తీసుకెళ్లి వేసుకోవడమే తరువాయి."

ఆ రోజే ప్రారంభం. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప.

"మీ అక్కకి నువ్వింకా చెప్పలేదు కదూ?" అన్నాడు భర్త, బూట్లు తొడుక్కుంటూ. అక్కను బస్టాండు నుంచి తీసుకురావడానికి బయల్దేరుతున్నాడు.

"చెప్పాను. బట్టల కొట్టు అని చెప్పాను."

"ముందున్న మాట?"

"ఫోను సరిగ్గా వినపడలేదు," అంది చిట్టి, స్టవ్వు వైపు తిరిగి.

అక్క టీచరుగా పనిచేసి రిటైరైంది. అమ్మ పోయేనాటికి చిట్టికి ఆరేళ్లు, అక్కకు ఇరవై రెండు. అప్పటినుంచి చిట్టికి అమ్మా నాన్నా అన్నీ అక్కే. చెల్లెలి పెళ్లి అయ్యాక తన పెళ్లి సంగతి చూద్దామనుకుని, తర్వాత ఆ సంగతే మరిచిపోయిన మనిషి. రిబ్బను ఆవిడ చేతే కత్తిరింపించాలని చిట్టి మొదటి రోజే అనుకుంది.

తొమ్మిదింటికి టీచరమ్మ వచ్చింది. ఇస్త్రీ మడత నలగని బట్టలు, చేతిలో చిన్న సంచీ. వీధిలోనే ఆగి, కళ్లజోడు సవరించుకుని, బోర్డు పైనుంచి కింద దాకా చదివింది. బుజ్జి నవ్వుతూ ఎదురెళ్లింది.

"బోర్డులో తప్పు పడిందే బుజ్జీ. 'పాత' అని రాశారు. చెరిపించు."

"తప్పు కాదు పెద్దమ్మా, నేనే రాశాను. బాగుంది కదా అక్షరం?"

టీచరమ్మ పక్క సందులోంచి కొట్టు వెనక ఉన్న మెట్లెక్కి నేరుగా వంటింట్లోకి వెళ్లింది. చిట్టి వెనకాలే వెళ్లింది.

"ఏమన్నావు నాతో ఫోన్లో?"

"బట్టల కొట్టు అన్నాను."

"సగం మాట మింగెయ్యడం ఎప్పుడు నేర్చుకున్నావే? ఊళ్లో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాను, మా చెల్లెలు పెద్ద సిటీలో బట్టల షాపు పెడుతోందని. ఇదా నువ్వు పెట్టింది? ఎవరో విడిచిన బట్టలా?"

"విడిచినవే. శుభ్రంగా ఉతికాను. చిరుగులు కుట్టాను. వచ్చి చూడు ముందు."

"నేను చూడను."

"ఎందుకక్కా అంత కోపం? దొంగతనమా ఇది?"

"నీకు తెలీదు చిట్టీ. నీకేం తెలీదు." టీచరమ్మ కుర్చీలో కూలబడి, సంచీ ఒళ్లో పెట్టుకుంది. "నీ కొట్టు నువ్వే తెరుచుకో. మధ్యాహ్నం బస్సుకి నేను వెళ్లిపోతాను."

చిట్టికి ఏడుపు ముంచుకొచ్చింది. దాని వెనకే ఎప్పుడూ రాని కోపమూ వచ్చింది.

"మూడు నెలలైంది నేనీ ఊరొచ్చి. పక్కింట్లో ఎవరున్నారో తెలీదు. పొద్దున లేస్తే గోడలతో మాట్లాడాను. ఈ కొట్టు అనుకున్నాకే నలుగురు నా పేరు పెట్టి పిలుస్తున్నారు. నేనిక్కడ బతగ్గలను అనిపించింది ఇదొక్కటే అక్కా. నువ్వు వచ్చి రిబ్బను కత్తిరిస్తే చాలనుకున్నాను. అదీ నీకు నామోషీ అయితే వెళ్లు."

కింద నుంచి బుజ్జి కేక వినిపించింది.

"అమ్మా! తొందరగా రా! వీధి సగం నిండిపోయింది!"

చిట్టి కళ్లు తుడుచుకుని కిందికి దిగింది. షట్టరు సందులోంచి చూస్తే నిజంగానే బయట జనం. నర్సు తనతో డ్యూటీ చేసేవాళ్లందర్నీ పోగుచేసుకొచ్చింది. మెట్ల మీద పలకరించని వాళ్లు కూడా మెడలు చాచి చూస్తున్నారు. అక్క కోసం తెచ్చిన కత్తెర చిట్టి తనే అందుకుంది. మొదటిసారి రిబ్బను తెగలేదు. రెండోసారి తెగింది. భర్త షట్టరు పైకెత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఎవరు ఎవరో తెలియలేదు. హేంగర్లు గొట్టాల మీద గలగలా జరుగుతున్నాయి. ఒకాయన చొక్కా మీద చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడి కదలడం లేదు. ట్రయల్ రూము తెర వెనక నుంచి నర్సు, "ఇది నాకు పడుతుందో లేదో ఎవరైనా చెప్పండర్రా!" అని అరుస్తోంది. బుజ్జి సంచులు అందించలేక అవస్థ పడుతోంది. చిట్టి నవ్వుతోంది, సమాధానాలు చెబుతోంది, ఒకరి ప్యాంటు అంచు కొలుస్తూ ఇంకొకరికి జిప్పు వేస్తోంది. ఇద్దరు ఆడవాళ్లు ఒకే కోటు చెరో చెయ్యి పట్టుకున్నారు.

"నేను ముందు చూశానండీ!"

"చూస్తే సరిపోతుందా? తీసింది నేను!"

సరిగ్గా అప్పుడు టీచరమ్మ సంచీ పుచ్చుకుని మెట్లు దిగింది. పక్క సందు జనంతో నిండిపోయి, వీధిలోకి పోవాలంటే కొట్టులోంచే పోవాల్సి వచ్చింది. రెండడుగులు వేసింది. ముందుకు పోవడానికి సందు లేదు. పక్కనే కోటు కుట్లు పటపటమనే చప్పుడు వినిపించింది.

"ఏమిటా గోల!"

హేంగర్ల గలగల ఆగిపోయింది. చొక్కా మీద చొక్కా వేసుకున్నాయన చేతులు కట్టుకున్నాడు.

"చదువుకున్నవాళ్లేనా మీరు? వరసలో నిలబడండి. వదలండి ఆ కోటు, ఇద్దరూ వదలండి. ఇటివ్వండి."

వదిలేశారు. వరస దానంతటదే ఏర్పడింది. "ముప్పై అయిదేళ్ల సర్వీసు, ఎక్కడికి పోతుంది!" అని భర్త బుజ్జి చెవిలో గొణిగాడు.

టీచరమ్మ కోటు ఎక్కడైనా చిరిగిందేమోనని తిప్పి చూసింది. చిరగలేదు. గుండీ పక్కన ఆవిడ వేలు ఆగింది. దారం ముడి పైకి కనపడకుండా బట్ట లోపలికి దాచిన కుట్టు. అలా కుట్టడం చిట్టికి తనే నేర్పింది. పక్కన వేలాడుతున్న పిల్లల గౌను అందుకుంది. దానిలోనూ అదే కుట్టు. అటూ ఇటూ రెండు జేబులు. ఇంకో గౌను చూసింది. దానికీ జేబులే.

చిట్టి అక్క ముఖం చూసింది. చెయ్యి పట్టుకుని, నర్సు బయటికి రాగానే తెర వెనక్కి లాక్కుపోయింది. ఆ ఇరుకులో ఇద్దరూ ముక్కుకు ముక్కు తగిలేలా నిలబడ్డారు.

"ఈ జేబులు ఎవరు పెట్టారు?"

"నేనే. నువ్వు నాకు పెట్టేదానివి కదా."

టీచరమ్మ కళ్లు దించుకుంది. "ఆ గౌన్లు కొత్తవని చెప్పేదాన్ని నీకు."

"కావని తెలుసు."

"ఏం తెలుసు?"

"హెడ్మాస్టరు గారి అమ్మాయి గౌన్లని. కాలరు లోపల లాండ్రీ వాళ్ల సిరా గుర్తు ఉండేది. అన్నీ మార్చేదానివి, అది మాత్రం తియ్యడం మర్చిపోయేదానివి."

"మరి ఒక్కసారీ అడగలేదేమే?"

"ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి, దారం కట్టి ఇచ్చేదానివి. నేను దారం విప్పుతుంటే ఊపిరి బిగబట్టి నా ముఖమే చూసేదానివి. ఎలా అడగనక్కా?"

టీచరమ్మ కళ్లజోడు తీసింది. "బడి వార్షికోత్సవం రోజు ఆ పిల్ల అందరి ముందూ అంది, 'అది నా పాత గౌను' అని. నేను స్టేజీ పక్కనే ఉన్నాను. నీ ముఖం చూసే ధైర్యం లేక స్టాఫ్‌రూములోకి వెళ్లిపోయాను. కన్నతల్లి లేని పిల్లకి ఒక్క కొత్త బట్ట కొనలేకపోయానే అని... ఎన్నేళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు చిట్టీ. ఇవాళ అదే మాట నీ బోర్డు మీద చూశాను."

చిట్టికి ఆపుకోలేని నవ్వొచ్చింది.

"నువ్వు వెళ్లిపోయావు కాబట్టి తర్వాత సంగతి నీకు తెలీదు. 'అవును నీదే, ఇప్పుడు చూడు' అని రెండు జేబుల్లో చేతులు పెట్టి, వాళ్లందరి ముందూ గిర్రున తిరిగాను. ఆ పిల్లకి అలాంటి జేబుల గౌను ఒక్కటీ లేదు. మర్నాడు నా దగ్గరికొచ్చి, నాది నాకిచ్చెయ్ అని ఏడ్చింది."

"ఇచ్చావా?"

"ఎందుకిస్తాను? నాదైతే!"

టీచరమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చెల్లెల్ని దగ్గరకు లాక్కుంది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తడిపేసుకున్నారు.

"ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదే పిచ్చిదానా?"

"నువ్వు బాధపడుతున్నావని నాకెలా తెలుస్తుంది? నువ్వూ చెప్పలేదుగా."

"లోపల ఎవరండీ? నిద్రపోయారా?" అని తెర బయట ఎవరో అడిగారు. అక్కాచెల్లెళ్లు ముఖాలు తుడుచుకుని బయటికొచ్చారు.

మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. టీచరమ్మ సంచీ కుట్టుమిషను కిందికి చేరింది. ఆవిడ అద్దం పక్కన నిలబడి, ఎవరికి ఏ రంగు నప్పుతుందో నిర్మొహమాటంగా చెప్పడం మొదలుపెట్టింది. "అది మీకు బాగాలేదు, విప్పండి" అంటే మారుమాట్లాడకుండా విప్పేశారు. ఇంతకుముందు కోటు కోసం కొట్లాడిన ఇద్దరిలో ఒకావిడ వెళ్తూ వెళ్తూ చిట్టి దగ్గర ఆగింది. "మేం రెండో అంతస్తులో ఉంటాం. ఒకసారి టీకి రండి," అంది. చిట్టి నవ్వుతూ తలూపింది.

సాయంత్రం జనం పలచబడ్డాక ఒక పెద్దాయన వచ్చాడు. బూడిదరంగు కోటు తొడుక్కుని, అద్దంలో ముందూ వెనకా చూసుకుని మురిసిపోయాడు. తర్వాత టీచరమ్మ దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా నెమ్మదిగా అడిగాడు.

"కొత్తదేనా అమ్మా?"

మిషను దగ్గర చిట్టి కాలు ఆగింది.

"కాదండీ, పాతదే," అంది టీచరమ్మ, క్లాసులో చివరి బెంచీ దాకా వినిపించే గొంతుతో. "మా చెల్లెలు బాగుచేసింది."