మంచురాకాసి కోట కార్మిక సంఘం

సెరెస్ అనే మరుగుజ్జు గ్రహం మీద పాచిక వేస్తే అది కింద పడేలోపు మనిషికి విసుగొస్తుంది. భూమ్మీద డెబ్భై కిలోలు తూగేవాడు అక్కడ రెండు కిలోలు తూగుతాడు, పాచిక సంగతి చెప్పేదేముంది. అందుకే ఏడో మంచుగని విశ్రాంతి గదిలో బల్ల ఉక్కుది, పాచికలు అయస్కాంతానివి. వేస్తే ఠక్కున అతుక్కుంటాయి. కుర్చీలకు బెల్టులు కూడా ఉంటాయి, కోపమొచ్చి లేచినవాడు నేరుగా పైకప్పుకు తగలకుండా. 2131లో ఆ గదిలో కోపాలకు కొదవ లేదు.

అక్కడ ఆడే ఆటను బల్లాట అంటారు. ఒకరు కథాసారథి, మిగతావాళ్లు తలొక పాత్ర. ఇదిగో అడవి, ఇదిగో కోట, ఇదిగో రాకాసి అని సారథి చెబుతుంది. చెప్పినదల్లా బల్ల మీద వెలుగుబొమ్మలై లేస్తుంది. దాన్ని బల్లలోకం అంటారు, వాసనా చప్పుడూ కలిపిన పాతకాలపు హోలోగ్రామే. అంతా చూపించి, ఇప్పుడు ఏం చేస్తారని అడుగుతుంది. వాళ్లు చెప్పింది కుదురుతుందో లేదో పాచిక తేలుస్తుంది. ఆట ఇంతే. కాని ఆ 'ఏం చేస్తారు' అనే ప్రశ్న దగ్గరే సారథుల కొంపలు మునిగేది.

లస్మక్క కొంప రెండేళ్లుగా మునుగుతూనే ఉంది. గనిలో గాలి తనిఖీ ఆమె పని, షిఫ్టు దిగాక సారథ్యం. ఆమె అల్లిన కథ తేలికైనదే. మంచురాకాసి సూర్యుణ్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు, లోకం గడ్డకట్టింది. ముగ్గురు వీరులు కోటకు పోయి రాకాసిని చంపి పెట్టె తెరవాలి. ఏ పిల్లవాడికి చెప్పినా ఆరు నెలల్లో ముగించేస్తాడు.

ఆమెకు దొరికినవాళ్లు మాత్రం పిల్లలు కారు. ముసలి సైనికుడి పాత్ర ఓదెలుది, డ్రిల్లు మేస్త్రీ. మంత్రగత్తె పాత్ర సారక్కది, పంపులు బాగుచేస్తుంది. దొంగ పాత్ర రాయలింగుది, మంచు లోడు బండి నడుపుతాడు. ముగ్గురివీ నాలుగు తరాల కిందట బొగ్గు తవ్విన కుటుంబాలు. ఎక్కడ ముగ్గురు కూర్చున్నా ఒకరు అధ్యక్షుడు, ఒకరు కార్యదర్శి, ఒకరు కోశాధికారి అయిపోయే జాతి.

మూడో నెలలో వాళ్లకు కోట బయటి కాపలావాళ్లు ఎదురయ్యారు. కొట్లాడాలి. ఓదెలు కత్తి దూయకుండా, డ్యూటీ ఎన్ని గంటలని అడిగాడు. పదహారు గంటలని లస్మక్క నోరు జారింది. అంతే, ఆ వారమే కోట కార్మిక సంఘం పుట్టింది. తర్వాత ఎన్నికలు. ఎన్నికల్లో సారక్క ఓడిపోయి పోటీ సంఘం పెట్టింది. రాయలింగు రెండు సంఘాలకూ టీ అమ్ముతూ క్యాంటీను తెరిచాడు. రాకాసికి పద్నాలుగు డిమాండ్లతో మెమొరాండం పోయింది. రెండేళ్లలో వీరులు నడిచింది ఏడు క్రోసులు. తనను చంపడానికి ఎవరో బయలుదేరారని రాకాసికి ఇంకా తెలియదు.

ఇన్నాళ్లూ లస్మక్క తల పట్టుకుంటూనే నవ్వింది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఓదెలుకు ఎముకల గడువు వచ్చేసింది. ఆ తక్కువ బరువులో పదేళ్లుంటే ఎముక గుల్లబారిపోతుంది, అందుకని పదేళ్లు నిండినవాణ్ని భూమికి పంపేస్తారు, తిరిగి రానివ్వరు. ఓడ ఇరవై రోజుల్లో ఉంది. వారానికొక ఆట, అంటే మిగిలినవి మూడు.

లస్మక్క కొత్తగా వచ్చినప్పుడు, చీకటి సొరంగమంటే భయంతో గదిలోంచి బయటకు రాని రోజుల్లో, తలుపు కొట్టి ఈ బల్ల దగ్గరికి తెచ్చింది ఓదెలే. కూర్చొని ఏదో ఒక కథ చెప్పు చెల్లె అన్నాడు. ఆ మనిషి కోసం ఆమె ఆరు పేజీల ముగింపు రాసి పెట్టుకుంది. ముసలి సైనికుడు రాకాసి మెడ నరుకుతాడు, పెట్టె తెరుచుకుంటుంది, మొదటి ఎండ అతని ముఖం మీద పడుతుంది. ఆ ఆరు పేజీలూ ఓదెలు ముందు చదవకపోతే జన్మంతా బాధ మిగిలిపోతుందని ఆమెకు తెలుసు.

సరిగ్గా అప్పుడే గనికి డాక్టర్ సుధేష్ణ వచ్చింది. విశాఖ మనిషి, మెదడు సంకేతాల శాస్త్రవేత్త. వెంట ఒక యంత్రాన్ని తెచ్చింది, పేరు గాడి.

దాని పని ఆమె ఓపిగ్గా వివరించింది. మనిషి ఏదైనా చేయబోయే ముందు, చేయాలని తనకే తెలియకముందు, మెదడులో ఒక కదలిక పుడుతుంది. అది నరాల వెంట మణికట్టు దాకా వస్తుంది. తలపును పట్టే ఇంటెంట్ సెన్సర్ దాన్ని ఆరేడు సెకన్ల ముందే పసిగడుతుంది. ఆ సెన్సర్ ఉన్న పట్టీకి తలపుపట్టీ అని పేరు పెట్టింది. ఆటగాడు దారి తప్పబోతున్నాడని తెలియగానే గాడి బల్లలోకంలో చిన్న మార్పు చేస్తుంది. ఒక నీడ, ఒక వాసన, ఒక చప్పుడు.

"ఎవర్నీ చెయ్యి పట్టుకుని లాగదండీ. అటు వెళ్లాలని వాళ్లకే అనిపిస్తుంది," అంది సుధేష్ణ.

మరి ఈ సంగతి వాళ్లకు చెప్పొద్దా అని లస్మక్క అడిగింది. చెబితే పరీక్ష పాడవుతుంది, నాడి చూసే పట్టీలని చెబుదామని డాక్టరు అంది. లస్మక్క కాసేపు గోళ్లు కొరుక్కుంది. ఓడ గుర్తొచ్చింది. సరేనంది. సారథికి ఏం కావాలో కూడా గాడికి తెలియాలి గనుక ఆమె మణికట్టుకూ ఒక పట్టీ కట్టారు. గాడికి నేర్పడం కోసం ఆమె కథ రాసుకున్న కాగితాలూ, రెండేళ్ల ఆటల రికార్డులూ అన్నీ ఎక్కించారు.

మొదటి ఆట నీళ్లు జారినట్టు జారిపోయింది. ఓదెలు కాపలావాడితో మాట కలపబోతుంటే కాపలావాడు తుమ్మాడు, తాళంచెవి జారిపడింది. ఓదెలు మాట మరిచి తాళంచెవి తీసుకున్నాడు. సారక్క క్యాంటీను వైపు తిరగ్గానే మాడిన వాసన వచ్చింది, ముక్కు మూసుకుని ముందుకు నడిచింది. ఒక్క సాయంత్రంలో నలభై క్రోసులు. లస్మక్క పొంగిపోయింది.

రెండో ఆటకు కోట లోపలి గేటు దాటేశారు. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. రాయలింగు టీ సగంలో వదిలేసి, నిద్రొస్తోందని లేచాడు. ఎట్లుంది అని ఓదెలును అడిగితే మంచిగనే ఉందన్నాడు. గని క్యాంటీనులో పెట్టే పప్పును గురించి కూడా అతను అదే గొంతుతో మంచిగనే ఉందంటాడు. లస్మక్కకు ఎక్కడో చురుక్కుమంది. అయినా ఇంకొక్క ఆటే గదా అని నోరు మూసుకుంది.

మూడో ఆట. ఓడ మూడు రోజుల దూరంలో ఉంది. బల్ల మీద మంచు సింహాసనం, దాని మీద రాకాసి, వాడి ఒళ్లో పెట్టె. ఓదెలు సైనికుడి చేతిలో కత్తి. పక్కన సారక్క, రాయలింగు బుద్ధిగా నిలబడ్డారు, బడిలో ఫొటోకు నిలబడ్డట్టు. లస్మక్క ఆరు పేజీలు బయటికి తీసింది. గొంతు సవరించుకుంది.

"లస్మక్కగారూ, ఒక సందేహం," అంది గాడి.

అది అంతవరకు ఆట మధ్యలో నోరు తెరవలేదు. సుధేష్ణ కూడా ఉలిక్కిపడింది.

"సారథి కోరుకున్న చోటికి కథను చేర్చాలని నాకు చెప్పారు. మీరు కాగితం మీద ఇచ్చిన దారి ఒకటి, మీ పట్టీ చూపించే దారి ఇంకొకటి. రెండు ఆటలు కాగితాన్ని నమ్మాను. రెండు ఆటలూ మీ తలపు వెనక్కే లాగుతోంది. పాత రికార్డులు చూశాను. కథ దారి తప్పిన సందర్భాలు రెండు వందల పద్నాలుగు. అందులో నూట తొంభైసార్లు మొదట దారి వదిలింది మీరే. కొట్లాడాల్సిన కాపలావాడికి చిరిగిన బూట్లు తొడిగారు. వాడికి జ్వరమని చెప్పారు. వాడి డ్యూటీ పదహారు గంటలన్నారు. ఇవేవీ మీ కాగితంలో లేవు. ఈ ముగ్గురికి ఆ మాటలు చెబితే ఏమవుతుందో తెలియక చెప్పారా?"

సారక్క తన మణికట్టు వంక చూసుకుంది.

"గీ పట్టీ నాడి జూసేది గాదా?" అంది మెల్లగా.

లస్మక్క అబద్ధమాడలేదు. అంతా చెప్పేసింది. తలపుపట్టీ, తుమ్ము, మాడిన వాసన, ఓడ, ఆరు పేజీలు. చెబుతున్నంతసేపూ బల్ల వంకే చూసింది. రాయలింగు బెల్టు విప్పుకుని లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"అడగకుంటనే మా తలకాయల చెయ్యి వెట్టినవ్ అక్కా," అన్నాడు. "పైన మేనేజిమెంటోడు జేస్తే రాళ్లు వట్టుకొని పోదుము. నువ్వు జేసినవ్."

"తప్పయింది," అంది లస్మక్క.

"తప్పయిందంటే ఒడిసిపోతదా? మీటింగు వెట్టాలె," అంది సారక్క.

మీటింగు పెట్టారు. ఓదెలు అధ్యక్షుడు. మొదటి తీర్మానం, పట్టీలు తక్షణం విప్పాలి. రెండోది, సారథిని గట్టిగా మందలించాలి. చేతులెత్తమంటే లస్మక్క కూడా చెయ్యెత్తింది. నీ మీద తీర్మానానికి నువ్వెట్ల ఎత్తుతవని రాయలింగు అడ్డుపడ్డాడు. నేను కూడా ఈ బల్లకు మెంబర్నే, ఎత్తుతానని ఆమె మొండికేసింది. దీని మీద పావుగంట వాదన నడిచింది. రాయలింగు గొంతు పెంచాడు, సారక్క బల్ల గుద్దింది, అయస్కాంతపు పాచికలు అదిరాయి. మూడు వారాల తర్వాత ఆ గదిలో మొదటిసారి అందరి ముఖాల్లోకీ కళ వచ్చింది. మూలన కూర్చున్న సుధేష్ణ ఏదో రాసుకుంటూ రాసుకుంటూ కలం ఆపేసి చూస్తూ ఉండిపోయింది.

తీర్మానం ఏకగ్రీవంగా గెలిచింది.

అప్పుడు ఓదెలు కత్తి పట్టిన తన వెలుగుబొమ్మను చూశాడు. "నీ ఆరు పేజీలు ఇంట చెల్లె. ఇనకుంట పోను. ముందుగాల వీనితోని ఒక్క మాట మాట్లాడనియ్యి."

"మాట్లాడు అన్నా."

ఓదెలు రాకాసి వైపు తిరిగాడు. "నువ్వు పండుకొని ఎన్నొద్దులాయె?"

లస్మక్క కాగితాల్లో రాకాసికి ఒక్క మాట కూడా లేదు, గాండ్రింపులు తప్ప. ఆమె వాటిని బోర్లించింది. జవాబు ఏమిటో తనకే తెలియకుండా నోరు తెరిచింది.

"వెయ్యేండ్లాయె," అంది రాకాసి గొంతుతో. "నన్ను గీడ కూసోవెట్టినోడు ఒక్కటే జెప్పిండు. రిలీవరు వచ్చేదాంక పెట్టె ఇడువకు, తెరువకు అని. ఎవ్వడు రాలే. ఇడిసిపెట్టి పోతే డ్యూటీ తప్పినోన్నయిత."

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. గనిలో పనిచేసిన ఎవరికైనా ఆ బాధ చెప్పక్కర్లేదు. తర్వాతి షిఫ్టువాడు వచ్చి చెయ్యి వేసేదాకా పంపు వదలకూడదు. రానివాడి కోసం పద్దెనిమిది గంటలు నిలబడ్డ సారక్క ముక్కు ఎగబీల్చింది. రాయలింగు టోపీ తీశాడు, ఎందుకో అతనికే తెలియదు.

ఓదెలు కత్తి కింద పెట్టాడు. "లే. నేనొచ్చిన. నీ డ్యూటీ అయిపోయింది."

లేచి నిలబడటానికి పాచిక వేయాలి, వాడి కాళ్లు మంచులో అతుక్కుపోయి ఉన్నాయి. రాకాసి తరఫున లస్మక్కే వేసింది. ఠక్కుమంది. పడింది ఆరు. రాకాసి లేచాడు, ఒళ్లు విరుచుకున్నాడు, రాయలింగు క్యాంటీనులో ఒక టీ తాగి, వంగి తలుపు దాటి వెళ్లిపోయాడు. ఓదెలు సైనికుడు సింహాసనం మీద కూర్చున్నాడు. పెట్టె ఒళ్లోకి తీసుకున్నాడు. వాడికి తెరవద్దని చెప్పారు గాని నాకెవరూ చెప్పలేదన్నాడు, మూత ఎత్తాడు.

బల్లలోకమంతా పచ్చని ఎండ పరుచుకుంది. దాని కోసం లస్మక్క రాసిన వాక్యాలు బాగానే ఉన్నాయి, ఆమె చదివింది, అందరూ విన్నారు. మెడ నరికే పేజీలు రెండూ దాటేసింది.

సుధేష్ణ నివేదికలో గాడి చక్కగా పనిచేస్తుందని రాసింది. నిజమే కదా. కింద ఒక షరతు పెట్టింది: ఈ పట్టీని ముందుగా దారి గీసేవాళ్ల చేతికి కట్టాలి, అది చెప్పేది అందరి ముందూ చదవాలి. ఆ పట్టీలను సొరంగాల్లో పనిచేసేవాళ్లందరికీ కట్టాలని గని యాజమాన్యం ఎంతో ముచ్చటపడింది. షరతు తీసేయమని మూడుసార్లు ఉత్తరం రాసింది. ఆమె తీయలేదు. తర్వాత ఆ యంత్రం ఊసు ఎవరూ ఎత్తలేదు. తమ మణికట్టు ఏం చెబుతుందో వినే ధైర్యం పైఅంతస్తులో ఒక్కడికీ లేకపోయింది.

ఓదెలు ఓడెక్కాడు. ఆ పూట ఎవరూ ఏడవలేదంటే నమ్మకండి. వారం తిరిగి ఆటరోజు వచ్చింది. ఖాళీ కుర్చీ బెల్టు వేలాడుతుంటే సారక్క దాన్ని ముడివేసి కూర్చుంది. ఆడటానికి ఎవరికీ మనసు లేదు. అప్పుడే ఓడ నుంచి సందేశం వచ్చింది, దారిలో నిమిషాలకు నిమిషాలు ప్రయాణం చేసి.

"కోటల నా డ్యూటీ ఎనిమిది గంటలు అయిపోయి చానసేపాయె. సంఘం నిద్రవోతున్నదా? రాయలింగును పంపున్రి. వాడు రాకుంటే ఈ కుర్చీ ఇడువ, పెట్టె మూసేస్త. ఇప్పుడు ఏం జేస్తరు?"

రాయలింగు పాచికలు అందుకున్నాడు.