శ్రీలంక చూడని గైడు

"మీరు శ్రీలంకకి పోయినారా?" అని ఆ అమ్మాయి అడిగింది.

"మూడు తూర్లు" అన్నాను.

ఛీ, ఈ నోరుండాదే! తిరువళ్ళూరు స్టేషన్ దగ్గర ట్రావెల్స్ ఆఫీసులో నా ఉద్యోగం. తమిళనాడు బార్డర్లో ఎలవూరు చెక్‌పోస్ట్ దాటి నెల్లూరులో పెండ్లికి పోయిందే నా ఫారిన్ ట్రిప్పు. నాకు పాస్‌పోర్టే లేదు.

ఏం చేసేది? అంత పెద్ద కండ్లేసుకుని నా కల్లా చూస్తే ఎవడైనా ఒక దేశం ఎక్కువే చెప్తాడు. పేరు నివేద, మణవాళనగర్‌లో ఉంటాది, స్కూల్ టీచరు. పక్కన వాళ్ళవ్వ అలిమేలమ్మ. ప్రతి ఆడికృత్తిక పండక్కీ తిరుత్తణి కొండెక్కే మనిషి. శ్రీలంకలో కదిర్‌గామం మురుగన్ని, అదే సుబ్రమణ్యస్వామిని, ఒకసారి చూడాలని ఆమె మొక్కు.

"మోకాళ్ళు ఇంకా మాట వింటా ఉండంగానే పోయొచ్చేయాల నాయనా" అనింది అవ్వ.

నేను మొదలుపెట్టినాను. "వీసాకి ఆన్‌లైన్లో ముందే అప్లై చేసేద్దాం. పౌర్ణమి రోజు ఆడ లీవు, చానా అంగళ్ళు మూసేస్తారు. బుద్ధుడికి వీపు చూపించి సెల్ఫీ తీసుకోకండి. గుడికి తెల్లబట్టలైతే మేలు. గొడుగు మాత్రం మరిచిపోవద్దండి, వాన చెప్పకుండా వస్తాది."

అంతా టీ తాగతా ఫోన్‌లో చూసిందే. నివేద మాత్రం బుద్ధిగా నోట్‌బుక్‌లో రాసుకునింది. దాంతో నాకు కొమ్ములొచ్చినాయి.

తర్వాత నెలంతా ఏదో ఒక డౌటుతో వస్తానే ఉండింది.

"ఆడ ఆరెంజ్ రంగు కొబ్బరి బోండాం ఉంటాదంటనే. ఎట్లుంటాది?"

"తియ్యగా... మీరు కోపంగా లేనప్పుడు మాట్లాడినట్టు."

"మూడు తూర్లు తాగినోళ్ళు చెప్పేది ఇంతేనా?" అని నవ్వేసి ట్రెయిన్‌కి పరిగెత్తింది. ఆ రోజు నేను రెండు టికెట్లు తప్పుగా బుక్ చేసి ఓనర్ నటరాజ్ అన్న చేత తిట్లు తిన్నాను.

అంతటితో ఆగినా బాగుండు. మా నాయన తిరుత్తణి పక్కన మగ్గం నేస్తాడు. మా పక్క కొంగులో నెమలి నేస్తాం, వేలాయుధం నేస్తాం, అడిగితే దేవుణ్ణే నేస్తాం. కట్టుకునేవాళ్ళకి అది భక్తి. అందుకని నాయన దగ్గర కూర్చుని, కొంగు నిండా బుద్ధుడి మొహంతో ఒక చీర నేయించి అవ్వకిచ్చినాను.

"బుద్ధుడి దేశం కదవ్వా. ఆడ కట్టుకుంటే వాళ్ళకి మర్యాద."

అవ్వ నా తల నిమిరింది. నివేద చూసిన చూపుకి నేను ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు.

వాళ్ళు తిరిగొచ్చిన రెండో రోజే నివేద ఆఫీసుకొచ్చింది. కవర్లోంచి చీర తీసి నా టేబుల్ మీద పెట్టింది.

"కాండీలో బుద్ధుడి గుడి ముందర పోలీసులు ఆపినారు. బుద్ధుడి బొమ్మ ఒంటి మీద వేసుకోవడం ఆడ అవమానమంట, కేసే పెడతారంట. అవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టిందండీ. డెబ్బై రెండేళ్ళ మనిషి! ఒక అంగడామె పావం అని తన చీరిస్తే, తడిక చాటున మార్చుకునింది. మూడు తూర్లు పోయినోళ్ళు, మీకిది తెలీదా?"

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది.

"నేను పోయినప్పుడు లేదే... రూల్ కొత్తగా వచ్చిందేమో" అన్నాను.

నివేద మొహం మెత్తబడింది. "అట్లనా? సారీ అండీ. తెలీకుండా మిమ్మల్ని అనేసినాను."

సారీ అనింది! నాకు! చెప్పు తీసి కొట్టుంటే ఇంతకంటే హాయిగా ఉండేది. ఆమె పోయినాక నటరాజ్ అన్న టీ ఇచ్చినాడు. అది అట్లే చల్లారిపోయింది.

ఆదివారం అవ్వ నన్ను తిరుత్తణికి రమ్మనింది. కొండ మీద దర్శనమయినాక మెట్ల పక్కన కూర్చోబెట్టి, విభూతి పెట్టి, "మా నివేదకి నువ్వంటే ఇష్టం. వాళ్ళ నాయనతో నేను మాట్లాడతా. నీ మాటేంది గుణా?" అనింది. నివేద తల వంచుకుని గాజులు తిప్పుకుంటా ఉంది.

ఊ అంటే చాలు, అన్నీ నావే. నోరు తెరిచినాను.

"అవ్వా, నేను శ్రీలంకకి పోలేదు. ఒక్క తూరి కూడా పోలేదు. నాకు పాస్‌పోర్టే లేదు. రూల్ కొత్తదనేది కూడా అబద్ధమే."

నివేద చేతులు ఆగిపోయినాయి.

అవ్వ కొంగు సర్దుకుని లేచింది. "పోలీసులు ఆపినప్పుడు నాకు సిగ్గేయలేదు నాయనా. తెలీక కట్టినా, మార్చుకున్నా. మా గుణ పాపం ప్రేమతో ఇచ్చినాడని ఆ అంగడామెకి గొప్పగా చెప్పినాను చూడు, దానికి ఇప్పుడు సిగ్గేస్తా ఉంది."

వాళ్ళు మెట్లు దిగిపోయినారు. నేను కూర్చున్న చోటే ఏడ్చినాను.

మరుసటి రోజు ఆఫీసు గోడకి ఒక కాగితం అంటించినాను. 'నేను శ్రీలంకకి పోలేదు. పోయొచ్చినవాళ్ళు చెప్పినదే చెప్తాను. బుద్ధుడి బొమ్మ ఉండే చీర, చొక్కా, ఏదీ వేసుకుని పోకండి. నా మాట విని ఒక పెద్దామె అవమానపడింది.' కింద సంతకం పెట్టినాను. నటరాజ్ అన్న "ఏమిరా, పైత్యమా నీకు? బిజినెస్ పోతాదిరా!" అని అరిచినాడు గానీ చించలేదు. వచ్చినోళ్ళు చదివి నవ్వేవాళ్ళు. నవ్వినప్పుడంతా చెవులు కాలేవి. అయినా తీయలేదు.

పన్నెండో రోజు నివేద వచ్చింది. గోడ ముందర నిలబడి రెండు తూర్లు చదివింది. బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి నా ముందర పడేసింది.

"ఇందులో నువ్వు చెప్పిన తప్పులన్నీ రెడ్ ఇంకుతో దిద్దినాను. వచ్చినోళ్ళకి ఇది చూపించు. అబద్ధాలకోరా!"

"సరి" అన్నాను. తల ఎత్తే ధైర్యం లేదు.

"పాస్‌పోర్ట్‌కి అప్లై చేసినావా?"

"ఇప్పుడే ఫారం నింపతా ఉండా."

కంప్యూటర్ తన కల్లా తిప్పుకునింది. ఎమర్జెన్సీ కాంటాక్ట్ అనే చోట ఖాళీగా ఉండాది. గబగబా టైప్ చేసింది. నివేద, మణవాళనగర్, కింద ఫోన్ నంబరు.

"కోపం పోయిందనుకోవద్దు" అనింది. "ఇంకో అబద్ధం చెప్పినావంటే నేనే డిలీట్ చేస్తా."



బయట ఆటోలోంచి అలిమేలమ్మ అవ్వ గొంతు వినపడింది. "ఏమ్మే, వాణ్ణి క్షమించినావా లేదా? తొందరగా తెముల్చు, ఎండకి మాడిపోతా ఉండా!"